బోగోలు తీరంలో వానాకాలం వేట.. చేప ఎప్పుడు పడుతుంది? బోటు ఎప్పుడు ఆపాలి?

అక్టోబరు వచ్చిందంటే నెల్లూరు జిల్లా తీరంలో మత్స్యకారుల కళ్లు రెండు చోట్ల ఉంటాయి. ఒకటి సముద్రం మీద.. రెండోది ఫోన్‌లో వాతావరణ బులెటిన్ మీద. ఈ సీజన్‌లో చేపను ఒడ్డుకు దగ్గరగా తెచ్చేది ఈశాన్య రుతుపవనాలే. బోటును ఒడ్డునే కట్టేసేదీ అవే. మరి ఏ రోజు వేటకు వెళ్లొచ్చు? ఏ రోజు వెళ్లకూడదు? దీని వెనుక లెక్కేంటి?

కావలికి పక్కనే ఉన్న బోగోలు మండలం పేరు చెప్తే చాలామందికి బిట్రగుంట రైల్వే స్టేషన్ గుర్తొస్తుంది. హైవే దిగి తూర్పుకు వెళ్తే బకింగ్‌హామ్ కాలువ, అది దాటితే ఇసుక, ఆ తర్వాత బంగాళాఖాతం. జువ్వలదిన్నె ఫిషింగ్ హార్బర్ ఈ మండలంలోనిదే. 2020 నవంబరు 21న, ప్రపంచ మత్స్యకార దినోత్సవం రోజు దీనికి శంకుస్థాపన జరిగింది. సుమారు రూ.289 కోట్ల ప్రాజెక్టు. 2024 ఆగస్టు 30న ప్రధాని మోదీ మహారాష్ట్రలోని పాల్ఘర్ నుంచి వర్చువల్‌గా ప్రారంభించారు.

హార్బర్ వచ్చినా సముద్రం మారదు కదా. అసలు విషయం అక్కడే ఉంది.

గాలి తిరిగితే అంతా తిరుగుతుంది

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మర బోట్ల వేట నిషేధం. ఆ తర్వాత సెప్టెంబరు దాకా వీచేది నైరుతి గాలి. నెల్లూరు తీరానికి అది నేల మీద నుంచి సముద్రంలోకి వెళ్లే గాలి. అందుకే ఆ నెలల్లో ఒడ్డు దగ్గర అలల గొడవ కాస్త తక్కువ.

అక్టోబరులో సీన్ రివర్స్. వాతావరణ శాఖ లెక్కల్లో ఈశాన్య రుతుపవనాలు మామూలుగా అక్టోబరు 20 అటూ ఇటుగా మొదలవుతాయి. గాలి వందల కిలోమీటర్ల ఖాళీ సముద్రం మీద పరిగెత్తుకుంటూ వచ్చి నేరుగా ఈ తీరాన్ని తాకుతుంది. ఎంత ఎక్కువ దూరం నీటి మీద గాలి వీస్తే అల అంత ఎత్తు పెరుగుతుంది. కాబట్టి ఒడ్డు నుంచి దిగే చిన్న ఫైబర్ బోట్లకు ప్రమాదం నడిసముద్రంలో కన్నా ముందు ఒడ్డు దగ్గరే మొదలవుతుంది. అలలు విరిగే ఆ కొన్ని పదుల మీటర్లు దాటేటప్పుడు బోటు అడ్డం తిరిగిందా.. బోల్తానే. వెళ్లేటప్పుడు ఖాళీ బోటు ఎలాగో దాటేస్తుంది. చేపలతో, తడిసిన వలలతో బరువుగా వెనక్కి వచ్చేటప్పుడే చిక్కు. హార్బర్ అడ్డుగోడల చాటున బోటు ఆగే వీలుంటే తప్పేది ముఖ్యంగా ఈ గండమే.

గాలితో పాటు నీళ్లు కూడా దిక్కు మార్చుకుంటాయి. ఫిబ్రవరి నుంచి మే దాకా మన తీరం వెంబడి ప్రవాహం దక్షిణం నుంచి ఉత్తరానికి వెళ్తుంది. అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లో సరిగ్గా ఉల్టా.. ఉత్తరం నుంచి దక్షిణానికి. దీన్ని శాస్త్రవేత్తలు తూర్పు భారత తీర ప్రవాహం అంటారు. వేట చేసేవాళ్లకు దీని అర్థం సింపుల్. రాత్రి వదిలిన వల తెల్లారేసరికి దక్షిణానికి జారి ఉంటుంది. దాన్ని పైకి లాక్కుని ఇంటికి రావాలంటే ఎదురు గాలి, ఎదురు నీరు.. డీజిల్ రెండింతలు కాలినట్టే. ఇంజిన్ ఆగిపోతే బోటు తమిళనాడు వైపు కొట్టుకుపోయే అవకాశం ఎక్కువ. నవంబరులో గల్లంతైన బోటును ఏ దిక్కున వెతకాలన్నది ఈ ప్రవాహమే చెబుతుంది.

మరి చేప ఎందుకు దగ్గరికొస్తుంది?

మొబైల్‌లో రీల్స్ చూసేవాళ్లకు కొండ నదుల్లో ట్రౌట్ చేపకు గాలం వేసే వీడియోలు తెలిసే ఉంటాయి. అక్కడ శరదృతువు అంటే పండగే. నీళ్లు చల్లబడతాయి, చల్లటి నీటిలో ఆక్సిజన్ ఎక్కువ నిలుస్తుంది, చేప చురుగ్గా మేతకు వస్తుంది. మన దేశంలో కశ్మీర్, హిమాచల్, నీలగిరుల్లో ట్రౌట్ ఉంది. హిమాచల్‌లో అయితే గుడ్లు పెట్టే కాలమని నవంబరు 1 నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా ట్రౌట్ వేట ఆపేస్తారు. మనకు వేసవిలో ఉన్నట్టే వాళ్లకు చలికాలంలో నిషేధం.

బోగోలు దగ్గర ఆ లెక్క పనిచేయదు. ఇక్కడ సముద్రం పైనీరు అక్టోబరులో 28, 29 డిగ్రీలుంటే డిసెంబరు ఆఖరుకు రెండు మూడు డిగ్రీలు తగ్గుతుందంతే. ఇక్కడ పెద్దగా మారేది వేడి కాదు.. ఉప్పు, రంగు.

నెల్లూరు జిల్లాకు ఏడాది వానలో సగానికి పైగా ఈ మూడు నెలల్లోనే పడుతుంది. వాగులు, కాలువలు, దక్షిణాన పెన్నా.. అన్నీ ఎర్రనీటిని సముద్రంలోకి తోస్తాయి. దీనికి తోడు ఉత్తరం నుంచి వచ్చే ప్రవాహం గంగ, మహానది, గోదావరి, కృష్ణ కలిపిన మంచినీటిని కూడా మోసుకొస్తుంది. తేలికైన ఆ నీరు పైన పొరలా పరుచుకుంటుంది, బరువైన ఉప్పునీరు కింద ఉంటుంది.

ఇందులో మొదట లాభపడేది రొయ్య వేటే. రొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది. పిల్ల మాత్రం కాలువల్లోకి, ఉప్పుటేరుల్లోకి వచ్చి పెరుగుతుంది. వాననీటితో అక్కడ ఉప్పు తగ్గేసరికి పెరిగిన రొయ్యలు ముఖద్వారాల గుండా మళ్లీ సముద్రంలోకి బయల్దేరతాయి. అందుకే పెద్ద వాన తర్వాత ముఖద్వారాల దగ్గర, ఒడ్డుకు దగ్గర్లో రొయ్య బాగా పడుతుంది. బొంత, పండుగప్ప లాంటివి కూడా ఈ కలగలుపు నీటికి అలవాటు పడ్డవే. బురదనీటిలో వల చేపకు కనపడదు.. అదో అదనపు లాభం.

వంజరం సంగతి వేరు. అది కంటితో చూసి వేటాడే చేప. పార కూడా అంతే. నీళ్లు ఎర్రబడితే ఇవి తేటనీటిని వెతుక్కుంటూ లోపలికి వెళ్లిపోతాయి. వాటి కోసం బోటు ఇంకా దూరం వెళ్లాలి. అంటే ఏ చేప కోసం వెళ్తున్నారన్న దాన్ని బట్టి రిస్క్ కూడా మారిపోతుంది. ఒడ్డు పక్కన రొయ్యకు వెళ్లిన బోటు గాలి పెరిగితే గంటలో తిరిగి రావచ్చు, వంజరానికి వెళ్లిన బోటుకు ఆ వీలుండదు.

చందమామ కూడా ఈ లెక్కలో ఉంది. వెన్నెల రాత్రుల్లో వల దారాలు నీటిలో కనపడి చేప తప్పుకుంటుంది. చీకటి పక్షంలో వల బాగా పనిచేస్తుంది. కాకపోతే అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు ఎక్కువ. ఆ రోజే తీరానికి వాయుగుండం వచ్చిందంటే నీళ్లు ఇంకాస్త లోపలికి వస్తాయి.

ఇంకో సంగతి. చేప ఎక్కువ పడితే డబ్బులు ఎక్కువ వస్తాయనుకోవద్దు. సరిగ్గా ఇదే టైమ్‌లో కార్తీక మాసం. ఇళ్లలో నీసు మానేస్తారు, అయ్యప్ప మాలలు మొదలవుతాయి. బోటుకు డీజిల్ మాత్రం అదే రేటు.

1989 నవంబరు.. కావలి మర్చిపోలేని రాత్రి

ఈ తీరానికి హెచ్చరికల విలువ ఏంటో తెలియాలంటే ఒక్క తుఫాను గురించి తెలిస్తే చాలు. 1989 నవంబరు మొదట్లో థాయిలాండ్ సింధుశాఖలో పుట్టింది. అంతర్జాతీయంగా దాని పేరు టైఫూన్ గే. మన దగ్గర కావలి తుఫాను అంటారు. నవంబరు 4న థాయిలాండ్‌ను దాటింది, అక్కడ వందల మంది చనిపోయారు. భూమి మీదకు వచ్చాక బలహీనపడాల్సింది.. అండమాన్ సముద్రంలో దిగి మళ్లీ బలం పుంజుకుంది. నాలుగు రోజుల్లో బంగాళాఖాతం మొత్తం దాటి నవంబరు 8 రాత్రి కావలి దగ్గర తీరాన్ని తాకింది. గంటకు 200 కిలోమీటర్లు దాటిన గాలి. ఆంధ్రప్రదేశ్‌లో 69 మంది ప్రాణాలు పోయాయి. కావలి నుంచి బోగోలు ఎంత దూరమో ఈ ప్రాంతం వాళ్లకు చెప్పక్కర్లేదు.

ఇక్కడ గమనించాల్సింది ఆ నాలుగు రోజుల ప్రయాణం. తుఫాను వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఉన్నప్పుడు ఇక్కడ ఆకాశం తేటగానే ఉండొచ్చు. గాలి కూడా ఉండదు. సముద్రం పళ్లెంలా ఉంది కదా అని బోటు దించేస్తారు. కానీ తుఫాను పుట్టించిన పొడవాటి అలలు దానికంటే ముందే తీరానికి చేరతాయి. ఒడ్డున నిలబడి అలకూ అలకూ మధ్య సెకన్లు లెక్కపెట్టి చూడండి. దగ్గర్లోని గాలికి లేచిన అలలైతే ఐదారు సెకన్లకు ఒకటి వస్తుంది. గాలే లేకుండా పన్నెండు సెకన్లు, అంతకంటే ఎక్కువ గ్యాప్‌తో బరువుగా వస్తుంటే.. ఎక్కడో దూరంగా సముద్రం కదిలిపోతోందని అర్థం. అలాంటి రోజు బులెటిన్ చూడకుండా బోటు దించడం తెలివైన పని కాదు.

టీవీలో చెప్పే ఆ నంబర్ల అర్థం ఇదీ

‘కృష్ణపట్నం పోర్టులో ఒకటో నంబరు ప్రమాద హెచ్చరిక’.. ఈ స్క్రోలింగ్ అందరూ చూసే ఉంటారు. ఒకటో నంబరు అంటే దూరంగా సముద్రంలో అల్పపీడనమో వాయుగుండమో ఉందని. రెండు అంటే దూరంగా తుఫానే ఏర్పడిందని. మూడు వచ్చిందంటే పోర్టు దగ్గరే ఈదురుగాలుల ముప్పు ఉందని. అలా పెరుగుతూ పది అంటే మహా ప్రమాదం. పదకొండు అన్నిటికంటే భయంకరం, ఎందుకంటే వాతావరణ కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని దానర్థం.

గాలి వేగం లెక్క కూడా ఉంది. గంటకు 31 నుంచి 49 కిలోమీటర్లుంటే వాయుగుండం. 50 నుంచి 61 అయితే తీవ్ర వాయుగుండం. 62 తాకితే తుఫాను, పేరు పెట్టేది ఇక్కడి నుంచే. చాలామంది పేరు పెట్టాకే భయపడతారు. కానీ చిన్న ఫైబర్ బోటుకు 45 కిలోమీటర్ల గాలి చాలు. ‘గంటకు 45-55 కిలోమీటర్ల వేగంతో గాలులు, మత్స్యకారులు వేటకు వెళ్లొద్దు’ అని చెప్పేది అందుకే. తుఫాను పేరు లేదు కాబట్టి ఫర్వాలేదు అనుకోవడమే అసలు తప్పు.

హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ నుంచి రెండు రకాల సమాచారం వస్తుంది. ఒకటి అలల ఎత్తు, గాలి, ప్రవాహం అంచనాలు. రెండోది చేపలు దొరికే చోట్ల వివరాలు. ఉపగ్రహాలు సముద్రం పైనీటి వేడిని, పచ్చదనాన్ని చూస్తాయి. చల్లనీరు, వెచ్చనీరు కలిసే అంచుల్లో మేత పెరుగుతుంది, చేప అక్కడ చేరుతుంది. ఫలానా రేవు నుంచి ఏ దిక్కున, ఎన్ని కిలోమీటర్లు, ఎంత లోతు అని తెలుగులో కూడా చెబుతారు. ఇన్‌కాయిస్ ‘సముద్ర’ యాప్‌లో చూసుకోవచ్చు.

ఇక్కడే ఒక మెలిక. మబ్బు ఉంటే ఉపగ్రహానికి నీళ్లు కనపడవు. ఈశాన్య సీజన్ అంటేనే మబ్బు. అంటే చేప జాడ చెప్పే సేవ బాగా అవసరమైన రోజుల్లోనే అది అందకపోవచ్చు. అప్పుడు మళ్లీ పాత అనుభవమే దిక్కు. అలల అంచనాలకు మాత్రం ఈ ఇబ్బంది లేదు, మబ్బున్నా వస్తాయి. కాబట్టి చేప సమాచారం రాలేదని యాప్ మూసేయకూడదు.

తుఫాను పోయాక ఎన్నాళ్లు ఆగాలి?

తుఫాను సముద్రాన్ని చిలికేస్తుంది. కింద ఉన్న పోషకాలు పైకొస్తాయి, కొద్ది రోజుల్లో పచ్చదనం పెరుగుతుంది, దాని వెంట చిన్న చేప, చిన్న చేప వెంట పెద్ద చేప. బంగాళాఖాతంలో తుఫానుల తర్వాత ఇలా జరగడం ఉపగ్రహ చిత్రాల్లో చాలాసార్లు కనిపించింది. అంటే తుఫాను తర్వాత వేట బాగుంటుందన్న నమ్మకం ఉత్తదేం కాదు. కానీ ‘తర్వాత’ అంటే మర్నాడు కాదు. మేత పెరగడానికే రోజులు పడుతుంది. పైగా మొదటి రోజుల్లో అలలు తగ్గవు, నదులు మోసుకొచ్చిన చెట్లు, మొద్దులు నీళ్లలో తేలుతుంటాయి. వాటికి చిక్కితే వల చిరిగిపోతుంది, చీకట్లో బోటు గుద్దుకుంటే అంతే సంగతి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను నెల్లూరు తీరం పక్కగా వెళ్లి బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటప్పుడు కళ్లకు ఎండ కనపడినా, హెచ్చరిక ఎత్తేసేదాకా ఆగడమే లెక్క.

ఆగడం అంత తేలిక కాదన్నది కూడా నిజమే. వేసవి నిషేధానికి ప్రభుత్వం భృతి ఇస్తుంది, 2025 నుంచి కుటుంబానికి రూ.20 వేలు. నవంబరులో హెచ్చరికలతో పోయే రోజులకు అలా నెలవారీ లెక్క ఏదీ లేదు. వారం రోజులు బోటు ఆగితే ఆ వారం కూలీ పోయినట్టే. రిస్క్ చేసేది సరదాకు కాదు.

వెళ్లక తప్పని రోజైతే కనీసం లైఫ్ జాకెట్లు, రెండో ఇంజిన్ లేదా తెడ్లు, నిండు చార్జింగ్‌తో ఫోన్ ఉండాలి. ఎటు వెళ్తున్నారో, ఎప్పటికి వస్తారో ఒడ్డున ఒకరికి చెప్పి వెళ్లాలి. ఒడ్డుకు దూరంగా సిగ్నల్ ఉండదు కాబట్టి ఉపగ్రహంతో పనిచేసే ట్రాన్స్‌పాండర్ ఉన్న బోటుకు హెచ్చరిక అందుతుంది, ఆపదలో అక్కడి నుంచే మెసేజ్ పంపొచ్చు. దేశవ్యాప్తంగా లక్ష బోట్లకు వీటిని అమర్చే కార్యక్రమం కూడా 2024 ఆగస్టు 30నే మొదలైంది. సముద్రంలో ఆపద వస్తే కోస్ట్ గార్డ్ నంబరు 1554. ఒడ్డున ఉన్నవాళ్లు 112కు గానీ, విపత్తుల కంట్రోల్ రూమ్ 1070కి గానీ కాల్ చేయొచ్చు.

డిసెంబరు మూడో వారం దాటాక వానలు పలచబడతాయి. ఎర్రనీరు కిందికి దిగి సముద్రం మళ్లీ నీలంగా మారుతుంది. వంజరం కోసం లోపలికి వెళ్లే బోట్లు అప్పుడు బయల్దేరతాయి.