ఎండింది గని సావలే

మా ఇంటెన్క గోడకు గోడకు నడుమ నాలుగు ఫీట్ల సందు ఉన్నది. ఎండ పొడ తగలదు. గులాబి పెట్టిన, బంతి పెట్టిన, ఏదీ బతకలే. ఆఖరికి నిలిచింది మా ఊరి మోటబాయి రాళ్ల సందుల్ల మొలిచే హంసపాది.

శాస్త్రం పేరు అడియాంటమ్ ఫిలిపెన్స్. ఫెర్న్ జాతి. నల్లగ మెరిసే సన్నటి కాడ, దానికి అటిటు అర్ధచంద్రం లెక్క ఆకులు. ఫెర్న్ గావాలె అంటే నర్సరీలల్ల బోస్టన్ ఫెర్న్ చేతుల పెడ్తరు. ఇది మాత్రం మన అడవి నీడల, ఒర్రె గట్లకు తనంత తానే పెరిగేది.

దీని నడక జూడాలె. ఆకు కొన తడి నేలకు తాకినకాడ ఏర్లు పుట్టి ఇంకో మొక్క లేస్తది. అందుకే మొదలు పీకేది లేదు. ఆకు తెంపకుంట కొనను పక్క కుండీల మట్టి మీదికి వంచి చిన్న రాయి పెడితే సాలు. ఏర్లు పట్టినంక కొయ్యాలె. మట్టిల మాగిన ఆకు ఎరువు, ఇసుక, ఇటుక పెంకులు కలుపుకోవాలె. తడి ఉండాలె గని నీళ్లు నిలవొద్దు.

ఆకు అడుగున అంచుకు గోధుమరంగు గీత కనవడ్తది. చీడ అనుకొని మందు కొట్టేరు! అవి దాని సిద్ధబీజాలు. దీనికి పువ్వు లేదు, కాయ లేదు. ఆ పొడి రాలి ముందుగాల గోరంత కూడ లేని పచ్చటి రేకు మొలుస్తది. ఆ రేకు మీద నీటి పొర ఉంటెనే కొత్త మొక్క పుడ్తది. తడిజాగ ఇడిసి ఇది పోకపోవుడు అందుకే.

నేను జేసిన తప్పు చెప్త. బాయి మెట్ల కాడికెల్లి రెండు పిల్లమొక్కలు తెచ్చి రెండు కుండీల పెట్టిన. ఎండకాలం రాంగనే ఆకులన్ని ఎండిపోయినయి. సచ్చిందనుకొని ఒక కుండీ మట్టి పెంటకుప్పల పోసిన. రెండోది మూలకు మర్సిపోయిన. మిరుగు వానలు పడ్డంక దాంట్ల చిటికెన ఏలంత సుట్టలు ఇప్పుకుంట లేసినయి. ఎండకాలం అది పండుకుంటదట, గంతే. వారానికోసారి ఇన్ని నీళ్లు సల్లి ఊకోవాలె.

మొన్న ఊరికి పోతే బాయిని మొరంతోని పూడ్సిండ్రు. పిల్లలు పడ్తరని భయం, అదీ నిజమే. గిప్పుడు నా సందుల ఉన్న ఆరు కుండీలే ఆ బాయివి. ఈ వానలకు రెండు తీస్కపోయి మా కుంట తూము రాళ్ల సందుల్ల పెడ్త.