ఆటోమేషన్, ఉద్యోగ భద్రత

గత భాగంలో ఆటోమేషన్ అంటే ఏమిటో చదివారు. ఇప్పుడు మీకు సహజంగా కలిగే ప్రశ్నకు వద్దాం: నా ఉద్యోగం ఉంటుందా, ఊడుతుందా? మీలో చాలామంది పగలు ఏదో ఒక ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్లు ఈ పాఠాలు చదువుతున్నవారే. కాబట్టి ఇది పరీక్ష కోసం మాత్రమే చదవవలసిన విషయం కాదు.

ముందుగా ఒక భేదాన్ని గుర్తించాలి. ఉద్యోగం వేరు, అందులోని పనులు వేరు. బ్యాంకు గుమాస్తాగిరీ ఒక ఉద్యోగం. నోట్లు లెక్కపెట్టడం, లెడ్జరులో పద్దు రాయడం, సంతకం సరిచూడడం, అప్పు కోసం వచ్చిన రైతుకు కాగితాలు వివరించి చెప్పడం అందులోని పనులు. యంత్రం సాధారణంగా ఉద్యోగాన్ని మొత్తంగా తీసుకోదు, కొన్ని పనులను తీసుకుంటుంది. నియమాలుగా రాసిపెట్టగలిగిన పనులు ముందుగా యంత్రానికి పోతాయని ఆటర్, లెవీ, మర్నేన్ అనే ఆర్థికవేత్తలు 2003లో ప్రతిపాదించారు.

అమెరికా బ్యాంకులలో ఏమి జరిగిందో చూడండి. ఏటీఎంలు వచ్చాక పట్టణ శాఖలలో సగటున 20 మంది ఉండే టెల్లర్లు 1988, 2004 మధ్య 13 మందికి తగ్గారు. అయితే శాఖను నడిపే ఖర్చు తగ్గినందువల్ల బ్యాంకులు కొత్త శాఖలు తెరిచాయి. పట్టణ శాఖలు 43 శాతం పెరిగాయి. అందువల్ల మొత్తం టెల్లర్ల సంఖ్య అప్పట్లో పడిపోలేదు. జేమ్స్ బెసెన్ చూపిన ఈ ఉదాహరణను చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. కాని తరవాత ఫోనులోనే బ్యాంకు పని అయిపోవడం మొదలయ్యాక టెల్లర్లు తగ్గుతూ వచ్చారు. మన దేశంలో 1984లో రంగరాజన్ కమిటీ బ్యాంకుల యాంత్రీకరణకు సిఫారసు చేసినప్పుడు ఉద్యోగ సంఘాలు భయపడినది నిరాధారం కాదు. 2000-01లో స్వచ్ఛంద పదవీ విరమణ పథకం కింద ప్రభుత్వరంగ బ్యాంకుల నుంచి దాదాపు లక్షమంది వెళ్లిపోయారు. ఆ తరవాతి కాలంలో సిబ్బందిలో గుమాస్తాల వాటా తగ్గి, అధికారుల వాటా పెరిగింది.

ఇక అచ్చుపని సంగతి వేరు. కంపోజిటరు ఉద్యోగమంతా ఇంచుమించు ఒకే పని: సీసపు అక్షరాలను ఏరి పేర్చడం. గుణింతాలు, వత్తులు గల తెలుగుకు వందలాది అచ్చులు కావాలి. ఏ గడిలో ఏది ఉందో చేతికే తెలియాలి. ఏళ్ల తరబడి సాధించిన ఆ నైపుణ్యానికి డీటీపీ వచ్చాక విలువ లేకపోయింది. కొందరు కీబోర్డు నేర్చుకున్నారు. తప్పులు పట్టే కన్ను ఉన్నవారు కొందరు ప్రూఫులు దిద్దే పనికి మారారు.

పనులను బట్టి లెక్కిస్తే అంకెలు కూడా మారిపోతాయి. అమెరికాలో 47 శాతం ఉద్యోగాలకు ముప్పు ఎక్కువగా ఉందని 2013లో ఫ్రే, ఆస్బోర్న్ అంచనా వేశారు. వారు వృత్తిని మొత్తంగా తీసుకున్నారు. 2016లో ఓఈసీడీ కోసం చేసిన అధ్యయనం పనులను విడదీసి చూసి, 21 దేశాల సగటును 9 శాతంగా తేల్చింది. పత్రికల శీర్షికలకు ఎక్కువగా ఎక్కినది మొదటి అంకే. 9 శాతం అంత పెద్ద వార్త కాదు కదా!

చదువు ఎక్కువైతే భద్రత ఎక్కువ అన్న పాత నమ్మకాన్ని 2022 చివరలో వచ్చిన చాట్‌జీపీటీ వంటి సాధనాలు కదిలించాయి. ఉత్తరం, అనువాదం, ప్రోగ్రాము ముసాయిదాను అవి క్షణాల్లో రాస్తాయి. పాత ఇంటి గోడలో వైరు ఎక్కడ తెగిందో వెతికే ఎలక్ట్రీషియన్ పని మాత్రం ఇంటింటికీ మారుతుంది కనుక యంత్రానికి ఇంకా కష్టమే. డిగ్రీ ఉన్న డేటా ఎంట్రీ ఉద్యోగికన్నా అతని స్థితే మెరుగని ఈ రచయిత అభిప్రాయం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

మీరు చేస్తున్న, లేదా చేయదలచిన ఉద్యోగంలోని పనులను ఒక కాగితం మీద రాయండి. కొత్తగా చేరిన వ్యక్తికి పది వాక్యాలలో పూర్తిగా నేర్పగలిగిన పనుల కింద గీత గీయండి. మీ రోజులో ఎన్ని గంటలు ఆ గీతల మీద గడుస్తున్నాయి?