డబ్బు పడ్డాకే పొట్టేలు బండెక్కాలి

ఆషాఢం దగ్గర పడుతుంటే హైదరాబాద్‌లోని వారాసిగూడ, తార్నాక ఇళ్ల నుంచి జనగామ, ఆలేరు వైపు ఊళ్లకు ఫోన్లు మొదలవుతాయి. బోనాలకు పొట్టేలు కావాలి. బక్రీదు ముందైతే మేకపోతు. జియాగూడ మార్కెట్‌కు తోలితే దళారికి పోయేది తమకే మిగులుతుందని ఊళ్లో జీవాలు పెంచుకునేవాళ్లు సంబరపడతారు. అందులో తప్పేం లేదు. కానీ సంతలో డబ్బూ జీవమూ ఒకే చోట చేతులు మారతాయి. ఫోన్ బేరంలో ఆ రెంటి మధ్య చాలా దూరం ఉంటుంది. చిక్కంతా అక్కడే.

1930 నాటి వస్తు విక్రయ చట్టం దృష్టిలో పశువులూ సరుకే. అరువుకు ఒప్పుకోనంతవరకు, పూర్తి ధర ముట్టేదాకా జీవాన్ని తన దొడ్లోనే ఉంచుకునే హక్కు అమ్మినవాళ్లకు 47వ సెక్షన్ ఇస్తుంది. కొన్నవాళ్లకు చేర్చమని, ఏ షరతూ పెట్టకుండా ట్రాలీ డ్రైవర్‌కు అప్పగించారా, 49వ సెక్షన్ ప్రకారం ఆ హక్కు పోతుంది. ఇక బాకీ కోసం తిరగాలి, లేదా దావా వేయాలి. రెండు పొట్టేళ్లు అమ్ముకున్న మనిషి ఎన్ని వాయిదాలకు తిరగగలడు? అందుకే బయానా బేరం ఖాయం కావడానికే. మిగతా సొమ్మంతా బండి కదలకముందే ఖాతాలో పడాలి.

ఖాతాలో పడిందో లేదో బ్యాంకు నిల్వ చూసే తేల్చుకోవాలి. "పొరపాటున ఎక్కువ వేశాను, తిప్పి పంపు" అనేవాళ్లు డబ్బు పడ్డట్టు మెసేజ్ కూడా తామే తయారుచేసి పంపుతారు. యూపీఐలో డబ్బు అందుకోవడానికి పిన్ అక్కర్లేదు. "బయానా వేస్తున్నా, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టు" అంటే ఫోన్ పెట్టేయండి. అప్పటికే డబ్బు పోయుంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయాలి. మోసగాళ్లు ఆ డబ్బు తీసుకునేలోపు ఆపించే వీలుంటుంది.

కొనేది ప్రభుత్వమే అయినా ఈ జాగ్రత్త తప్పదు. 2017లో తెలంగాణ మొదలుపెట్టిన గొర్రెల పంపిణీ పథకంలో యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు. చాలా జీవాలను పొరుగు రాష్ట్రాల్లో కొన్నారు. తమకు రావాల్సిన సొమ్ము వేరేవాళ్ల ఖాతాల్లోకి పోయిందని గుంటూరు వైపు రైతులు గచ్చిబౌలి పోలీసులకు ఫిర్యాదు చేశారు. 2024లో ఏసీబీ ఆ కేసులో పశుసంవర్ధక శాఖ అధికారులను అరెస్టు చేసింది. జీవాలేమో ఎప్పుడో బండెక్కి వెళ్లిపోయాయి.

ఇక బరువు. ప్రయాణంలో మేతా నీళ్లూ లేక జీవం తూకం తగ్గుతుంది. వారాసిగూడలో దింపాక మళ్లీ తూచి "రెండు కిలోలు తక్కువుంది" అంటే ఇద్దరూ నిజమే చెబుతున్నట్టు. అందుకే ఇంటి దగ్గర తూచేటప్పుడే వీడియో తీయాలి. కాటా మీది అంకె, చెవి ట్యాగు, రెండు పళ్లు వేసిన నోరు ఆపకుండా తీసిన ఒకే వీడియోలో కనిపించాలి. టీకాలు ఎప్పుడు వేయించారో కూడా చెప్పండి, చిటుక రోగానిదీ, పారుడు రోగానిదీ. కొనేవాళ్లు చూడలేనిది మీరే చూపిస్తే ముందే పూర్తి డబ్బు అడగడానికి మొహమాటం ఉండదు.

దారిలో జీవం చస్తే నష్టం ఎవరిదన్నది, వేరే ఒప్పందం లేకపోతే, అప్పటికి అది ఎవరి సొత్తయిందన్న దాన్ని బట్టి ఉంటుందని వస్తు విక్రయ చట్టం 26వ సెక్షన్ చెబుతుంది. ఆ వాదనలోకి దిగకుండా ముందే వాట్సాప్‌లో రాసి "సరే" అనిపించుకోవాలి: తూకం మా ఇంటి దగ్గరిదే, బండెక్కాక జీవం మీది. ట్రాలీ కిరాయి ఎవరు ఇచ్చుకోవాలో కూడా అందులోనే రాయండి.