ఏట్లో మురుగు ఆపే పని ఎవరిది?

మేం యానాదులం. మా నాయన ఏటి మొగలో చేపలు, పీతలు పడతాడు. మురుగు వాసనొచ్చిన చేపను ఎవరూ కొనరు. ఆ పూట మాకు అదే కూర.

ఏరును చెడగొట్టేది జనమే గదా అని నేనూ అనుకునేదాన్ని. కాదు. ఇళ్ళ మురుగుకి కాలవ కట్టేది, ఆ నీళ్ళు శుద్ధి చేసి వదలాల్సింది మునిసిపాలిటీ. వదిలే ముందు అనుమతి ఇచ్చేది, తనిఖీ చేసేది రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి. 1974 నీటి చట్టం అట్లా చెప్తుంది.

చట్టముంటే సరా? కడప జిల్లాలో మన పెన్నలో కలిసే కుందూ నది 2018లో కేంద్ర మండలి రాసిన కలుషిత నదుల జాబితాలో ఉంది, నంద్యాల నుంచి దిగువకి.

డబ్బుల్లేవంటే? మధ్యప్రదేశ్‌లో రత్లాం మునిసిపాలిటీ అట్లాగే అనింది. వీధి జనం కేసు వేశారు. 1980లో సుప్రీంకోర్టు ఆ సాకు ఒప్పుకోలేదు, కాలవలు కట్టాల్సిందేనన్నది.

నాయనకు చెప్పాను. "ఆ కాయితం మనకు దొరుకుద్దా, అమ్మే?" అని అడిగాడు.