రెండు స్టేషన్లు, ఇరుకు మెట్లు

మన మిల్లు ఏరియాలో రెండు లోకల్ స్టేషన్లు పక్కపక్కనే ఉన్నాయి. పడమర వైపు వెస్టర్న్ లైన్ మీద ప్రభాదేవి, తూర్పు వైపు సెంట్రల్ లైన్ మీద పరేల్. ఉత్తరానికి పోతే రెండింటికీ తర్వాతి స్టేషన్ దాదరే. దక్షిణానికి పోతే ఒకదానికి లోయర్ పరేల్, ఇంకోదానికి కరీ రోడ్. రైల్వేలు వేరైనా నడిచేవాళ్ళకు రెండూ ఒకటే. బ్రిడ్జి ఎక్కితే ఈ లైన్ నుంచి ఆ లైన్‌కు మారొచ్చు.

ప్రభాదేవిని మా ఇంట్లో పెద్దోళ్ళు ఇప్పటికీ ‘ఎల్ఫిన్‌స్టన్’ అనే అంటారు. 1853 నుంచి 1860 దాకా బొంబాయి గవర్నర్‌గా ఉన్న లార్డ్ ఎల్ఫిన్‌స్టన్ పేరు అది. 2018 జూలైలో దాన్ని మార్చి, ఆ పేట దేవత పేరు మీద ప్రభాదేవి అన్నారు.

మా బాపు కాలంలో ఈ స్టేషన్‌తో మనోళ్ళకు అంత పని లేదు. వర్లీ, ప్రభాదేవి, లోయర్ పరేల్ చాళ్ళల్లో ఉన్న పద్మశాలి కుటుంబాలకు గిర్నీ నడిచిపోయేంత దూరమే. భోంగా మోగితే డబ్బా పట్టుకుని బయల్దేరేవాళ్ళు. పాళీ దిగితే మళ్ళీ నడకే. జనం మూడు పాళీల్లో విడిపోయి నడిచేవాళ్ళు గనుక స్టేషన్ మెట్ల మీద అంత బరువు పడేది కాదు.

1982 జనవరి 18న సమ్మె మొదలైంది. రెండున్నర లక్షల మంది దాకా సాంచాలు వదిలి బయటికొచ్చారు. ఆ తర్వాత చాలా మిల్లులు మళ్ళీ సరిగ్గా తెరుచుకోలేదు. 1991 నిబంధనలతో మిల్లు జాగలు వేరే పనులకు వాడుకునే దారి దొరికింది. జూపిటర్ మిల్లు, ఎల్ఫిన్‌స్టన్ మిల్లు ఉన్నచోట అద్దాల ఆఫీసులు లేచాయి. అద్దెలు పెరిగి మన పిల్లలు డోంబివిలీ, విరార్, భివండీ దిక్కు వెళ్ళిపోయారు. ఇప్పుడు వాళ్ళే పొద్దున లోకల్ ఎక్కి, తాతలు పనిచేసిన జాగకు ఉద్యోగానికి వస్తున్నారు. అందరూ వచ్చేది దాదాపు ఒకే టైముకు. జాగల మీద అంతస్తులు పెరిగినంత వేగంగా స్టేషన్ మెట్లు వెడల్పు కాలేదు.

దాని ఫలితం 2017 సెప్టెంబర్ 29న చూశాం. దసరాకు ముందు రోజు, శుక్రవారం. పొద్దున పదిన్నర వేళ పెద్ద వాన పడింది. వాన తగ్గాక దిగుదామని జనం బ్రిడ్జి మీదే నిలబడ్డారు. వెనక నుంచి రైళ్ళు దిగినవాళ్ళు వస్తూనే ఉన్నారు. ఇరుకు మెట్ల మీద తొక్కిసలాటలో 23 మంది చనిపోయారు. ఆ తర్వాత సైన్యం వచ్చి ఇంకో బ్రిడ్జి కట్టింది. 2018 ఫిబ్రవరిలో తెరిచారు. 2019 మార్చిలో పరేల్ టెర్మినస్ వచ్చింది. అక్కడినుంచే బయల్దేరే లోకళ్ళు మొదలయ్యాయి.

వాన వచ్చింది నిజమే. కానీ నా లెక్కలో తప్పు వానది కాదు. మిల్లు జాగలో ఎన్ని అంతస్తులు లేవాలో ముందే లెక్క కట్టారు. అక్కడికొచ్చే మనుషులు ఏ మెట్ల మీదుగా దిగాలో ఆ లెక్కలో చేరలేదు. ఇంకా మిగిలిన మిల్లు జాగల మాట వచ్చినప్పుడు మన మండళ్ళు ఇండ్ల హక్కుతో పాటు ఈ మెట్ల సంగతి కూడా అడగాలి.

చివరగా ఒక అవసరమైన మాట. షోలాపూర్ నుంచో, మన ఊర్ల నుంచో టాటా, కేఈఎం, వాడియా ఆస్పత్రులకు రోగుల్ని తెచ్చేవాళ్ళు చాలామంది మన ఇండ్లల్లోనే దిగుతారు. ఆ ఆస్పత్రులన్నీ పరేల్ తూర్పు వైపే. వెస్టర్న్ లైన్‌లో వస్తే ప్రభాదేవిలో స్లో లోకలే ఆగుతుంది, ఫాస్ట్ ఎక్కొద్దని ముందే చెప్పండి. పొద్దున ఆఫీసు రద్దీ వేళ రోగిని బ్రిడ్జి ఎక్కించకండి. తప్పకపోతే ఒకరు ముందు, ఒకరు వెనక ఉండి, కమ్మీ పట్టుకుని దించండి. వాన మొదలైతే మెట్ల దగ్గర ఆగకండి, ప్లాట్‌ఫారం కప్పు కిందే ఉండండి. తడిసినా ఫర్వాలేదు, నలగొద్దు.