అగ్రరాజ్యాల పంచాయితీలో దళిత క్రైస్తవులు

మత స్వేచ్ఛ విషయంలో భారతదేశాన్ని 'ప్రత్యేక ఆందోళన కలిగించే దేశాల' జాబితాలో చేర్చాలని అమెరికా అంతర్జాతీయ మత స్వేచ్ఛా కమిషన్ 2020 నుంచి ఏటా సిఫార్సు చేస్తోంది. అది పక్షపాత నివేదిక అని మన విదేశాంగ శాఖ ఏటా కొట్టిపారేస్తోంది. అమెరికా విదేశాంగ శాఖ మాత్రం ఆ సిఫార్సును పక్కన పెడుతూ వస్తోంది. వాషింగ్టన్, ఢిల్లీల మధ్య సాగే ఈ వాదప్రతివాదాల్లో మా రామన్నపేట చుట్టుపక్కల మాల, మాదిగ వాడల నుంచి ఆదివారం ప్రార్థనకు వెళ్లే కూలి మనిషికి చోటెక్కడ? ఈ ప్రాంతంతో బంధమున్నవాడిగా, విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పుకునేవాడిగా నేను అడుగుతున్న ప్రశ్న ఇది.

ఈ ప్రశ్న కొత్తది కాదు. నల్లగొండలో 1890 ప్రాంతంలో బాప్టిస్టు మిషన్‌ను ప్రారంభించిన అబ్రహాం ఫ్రీజెన్ అమెరికన్ కాదు. నాటి రష్యా సామ్రాజ్యంలో, నేటి ఉక్రెయిన్ ప్రాంతంలో స్థిరపడిన మెన్నోనైట్ రైతు సమాజం నుంచి వచ్చినవాడు. అక్కడి రైతుల కానుకలతో ఇక్కడి పని సాగింది. మొదటి ప్రపంచ యుద్ధం, 1917 విప్లవం ఆ దారిని మూసివేశాయి. అదే యుద్ధకాలంలో కోస్తాంధ్ర, ఒరిస్సా సరిహద్దుల్లోని జర్మన్ లూథరన్ మిషనరీలను శత్రుదేశస్థులుగా బ్రిటిష్ ప్రభుత్వం నిర్బంధించింది. ఆ యుద్ధాన్ని మొదలుపెట్టిన రాజులెవరో మన వాడలకు తెలియదు. దాని ఫలితం మాత్రం వాడ దాకా వచ్చింది.

అగ్రరాజ్యాల మత స్వేచ్ఛా విధానం సూత్రం మీద కంటే అవసరం మీద నడుస్తుందనడానికి మన దేశమే సాక్ష్యం. 1998 నాటి అమెరికా చట్టంతో ముడిపడిన నిబంధన కింద 2005లో గుజరాత్ ముఖ్యమంత్రి నరేంద్ర మోదీకి వీసా నిరాకరించారు. 2014లో ఆయన ప్రధాని కాగానే వాషింగ్టన్ స్వాగతం పలికింది. మారింది నివేదికల్లోని వాస్తవాలు కాదు, దౌత్య అవసరాలు. ఇరాక్‌లో 2003 దాడికి ముందు పది లక్షలకు పైగా ఉన్నారని అంచనా వేసిన క్రైస్తవుల్లో అత్యధికులు నేడు ఆ దేశంలో లేరు. దాడి చేసిన సైన్యం మతం తమ మతమేనన్న అనుమానం వారి మెడకు చుట్టుకుంది.

ఇక్కడ ఆ అనుమానం చట్టం రూపం తీసుకుంది. ఎమర్జెన్సీ కాలంలో, 1976లో వచ్చిన విదేశీ విరాళాల చట్టం 2010లో కొత్త రూపు దాల్చి, 2020 సవరణతో మరింత బిగుసుకుంది. విరాళం పొందిన సంస్థ దాన్ని మరో సంస్థకు బదిలీ చేయరాదన్న నిబంధన పెద్ద సంస్థల కంటే, వాటి మీద ఆధారపడిన పల్లెల్లోని చిన్న సంస్థలనే ఎక్కువగా దెబ్బతీసింది. కంపాషన్ ఇంటర్నేషనల్ విషయంలో అమెరికా కాంగ్రెస్ కమిటీ 2016 డిసెంబరులో విచారణ జరిపింది. అయినా 2017 మార్చిలో ఆ సంస్థ భారత్‌లో మూతపడింది. లక్షకు పైగా పేద పిల్లలకు అందే సాయం ఆగింది. అంతటి అగ్రరాజ్యపు మందలింపు ఆ పిల్లలకు ఒక్క పూట అన్నం పెట్టలేకపోయింది.

అసలు విషయం వేరే ఉంది. వాషింగ్టన్‌కు ఈ మనిషిలో క్రైస్తవుడు కనిపిస్తాడు. ఢిల్లీకి విదేశీ ఛాయ కనిపిస్తుంది. ఊరికి మాత్రం కులమే కనిపిస్తుంది. ప్రార్థన మార్చుకున్నా వాడ మారదు, కూలి మారదు. అయినా 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా అతణ్ణి షెడ్యూల్డ్ కులాల నుంచి తొలగించింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తెరుచుకున్న తలుపు క్రైస్తవులకు, ముస్లింలకు మూసే ఉంది. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో ఆ పేరాను తొలగించమంది. 2022లో ఏర్పడిన బాలకృష్ణన్ కమిషన్ గడువు పొడిగింపులు పొందుతూ వచ్చింది. మన దగ్గర అతడికి మిగిలింది బీసీ-సీలో ఒక శాతం. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టర్ పెట్టిన అట్రాసిటీ కేసును కొట్టివేస్తూ, క్రైస్తవం స్వీకరించినవారికి ఆ చట్ట రక్షణ వర్తించదంది. కులం పేరుతో తిట్టినవాడికి తెలిసిన కులం చట్టానికి తెలియకుండా పోయింది.

దాడులను నమోదు చేసే నివేదికలు అబద్ధాలని నేననడం లేదు. ఎవరు నమోదు చేసినా దెబ్బ దెబ్బే. అయితే బాధితుణ్ణి మతానికే కుదించి చూసే పరాయి సానుభూతి, తెలిసో తెలియకో, అతణ్ణి పరాయివాణ్ణి చేసే వాదానికి బలమిస్తుంది. కనుక మన పోరాటం అగ్రరాజ్యపు జాబితా కోసం కాదు, రాజ్యాంగపు జాబితా కోసం జరగాలి. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా కోరుతూ తీర్మానించింది. ఆ దిశగా పార్లమెంటును కదిలించాల్సింది విదేశీ రాయబారులు కాదు, అంబేడ్కర్ పేరు చెప్పి ఓట్లడిగే మన పార్టీలే. దళిత ఉద్యమం కూడా చర్చికి వెళ్లే తన అన్నదమ్ములను పరాయివారిగా చూడడం మానాలి. చర్చిలు సైతం తమ లోపలి కుల వివక్షను దాచిపెట్టి బయట న్యాయం అడగలేవు. వాడ మనిషికి రక్షణ దొరకాల్సింది రామన్నపేట పోలీస్ స్టేషన్‌లో, మన కోర్టులో. అక్కడ దొరకని న్యాయం వాషింగ్టన్ నుంచి ఎన్నడూ రాదు.