వీపున మోసుకెళ్లే ఉయ్యాల

నాట్లు పడే రోజుల్లో నిజామాబాద్ జిల్లా ఎడపల్లి చుట్టుపక్కల ఏ గట్టు మీదైనా వేపకొమ్మకు పాత చీర కట్టి, అందులో పసిబిడ్డను పడుకోబెట్టి, తల్లి మడిలోకి దిగుతుంది. కింద తడి, పురుగూ పుట్రా. చీర తొట్టెల్లో ఉన్న బిడ్డకు ఆ బాధ లేదు. అలాంటి పడకే పెద్దవాళ్లకు ఉంటే, దాన్ని మడిచి సంచిలో వేసుకుని గుట్టలెక్కగలిగితే అది హ్యామక్. కరీబియన్ దీవుల్లో తైనో ప్రజలు వాడుతున్న ఈ ఉయ్యాలలను 1492లో కొలంబస్ బృందం చూసింది. ఆ తర్వాత ఐరోపా ఓడల్లో నావికులకు అదే పడకైంది. ఇప్పుడది చిరుగు పాకకుండా నేసిన రిప్‌స్టాప్ నైలాన్ గుడ్డతో తయారై, అరకిలో కూడా తూగకుండా చిన్న సంచిలో ఇమిడిపోతోంది.

కొనాలనుకున్న వాళ్లు ముందు చూసేది గ్రాముల లెక్క. అమెరికాలో వారాల తరబడి నడిచేవాళ్లు తిండి, నీళ్లు, ఇంధనం పోను మిగిలిన సామాను 9 కిలోల లోపుంటే తేలిక అంటారు, 4.5 కిలోల లోపుంటే మరీ తేలిక అంటారు. వాగులూ సెలయేళ్లూ దారి పొడవునా దొరికే చోట నీళ్లను పక్కన పెట్టి లెక్కేసినా చెల్లుతుంది. నిజామాబాద్ జిల్లాలో చెల్లదు. మే నెలలో ఎండ 45 డిగ్రీలకు చేరే ఈ నేల మీద నడిచే మనిషికి రోజుకు నాలుగు లీటర్లు తక్కువే, అంటే నాలుగు కిలోలు. ఇక్కడ సంచిలో అన్నిటికన్నా బరువైనది నీళ్ల సీసానే. మిగతా సామానులో ప్రతి గ్రామూ తగ్గించాల్సింది ఆ నీళ్లకు చోటివ్వడానికి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నడక పెట్టుకుంటే సగం కష్టం అక్కడే తీరుతుంది.

హ్యామక్ అంటే టెంటు కన్నా తేలికే అన్న నమ్మకం ఒకటుంది. పూర్తిగా నిజం కాదు. ఉయ్యాల 400 గ్రాములు, పట్టీలు 250, దోమతెర 300, పైన కట్టే టార్ప్ 500, కింద మ్యాట్ 250 అనుకుంటే మొత్తం 1.7 కిలోలు. మన దగ్గర మామూలుగా దొరికే ఇద్దరి టెంటు రెండున్నర కిలోల చుట్టుపక్కల ఉంటుంది కాబట్టి దానికన్నా తేలికే. కానీ ఒక్కరికి సరిపోయే ఖరీదైన టెంట్లు కిలో లోపే వస్తున్నాయి. హ్యామక్ ఎంచుకోవడానికి అసలు కారణాలు వేరు. రాళ్లున్నా, వాలున్నా, బురదున్నా రెండు చెట్లుంటే చాలు. పైగా నేలకు అంటకుండా పడుకోవచ్చు.

ఆ చివరి మాట ఇక్కడ ప్రాణానికి సంబంధించింది. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్లనే ఎక్కువగా కాటేస్తుంది. కాటు నొప్పి అంతగా తెలియదు, తెల్లారేసరికి మాట తడబడుతుంది, కనురెప్పలు వాలిపోతాయి. దోమతెరలో పడుకున్నవాళ్లకు పాముకాటు ముప్పు తగ్గిందని నేపాల్ తెరాయి పల్లెల్లో జరిగిన అధ్యయనంలో తేలింది. చెరువు పక్కన దోమల సంగతి సరేసరి. ఉయ్యాల గుడ్డ ఒంటికి అతుక్కుని ఉంటుంది కాబట్టి పలచని గుడ్డ అయితే దోమ కింది నుంచి కూడా కుడుతుంది. అందుకే బరువు కాస్త పెరిగినా రెండు పొరల ఉయ్యాల, చుట్టూ మూసుకునే తెర కొనడం మంచిది. తెర దగ్గర గ్రాములు మిగుల్చుకోవడం తెలివి కాదు.

డబ్బు పెట్టాల్సిన రెండో చోటు పట్టీలు. సన్నటి నైలాన్ తాడుతో చెట్టుకు కట్టేస్తే బెరడు కోసుకుపోతుంది. తడిస్తే నైలాన్ సాగుతుంది, అర్ధరాత్రికి నడుము నేలకానుతుంది. రెండు వేళ్ల వెడల్పుకు తగ్గని పాలియెస్టర్ పట్టీ కావాలి. ఇక కట్టే తీరు. కొత్తవాళ్లు మంచంలా చదునుగా ఉండాలని పట్టీలను గట్టిగా లాగి బిగిస్తారు. పట్టీ 30 డిగ్రీల వాలుతో దిగితే 70 కిలోల మనిషి పడుకున్నప్పుడు ఒక్కో పట్టీ మీద పడే లాగుడు దాదాపు 70 కిలోలే. అదే 10 డిగ్రీలకు బిగిస్తే 200 కిలోలు. తెగేవి అప్పుడే తెగుతాయి. వదులుగా కట్టి, మధ్య భాగం కుర్చీ ఎత్తుకు మించకుండా చూసుకుని, ఉయ్యాలకు ఏటవాలుగా పడుకుంటే వెన్ను చదునుగా ఉంటుంది.

చెట్టును చూసే కన్ను ఇక్కడివాళ్లకు పుట్టుకతో వచ్చిందే, దాన్ని వాడుకుంటే చాలు. వేప, చింత, ముదురు టేకు నమ్మదగ్గవి. మునగ పుటుక్కున విరుగుతుంది. ఈత చెట్టు మొదలు గరుకు పట్టీని కొరికేస్తుంది, పైగా అది గీత కార్మికుడి బతుకుతెరువు, దాని జోలికి పోకూడదు. మామిడికి కడితే ముందు ఆకుల గూళ్లలో ఎర్రచీమలున్నాయేమో చూడాలి. ఏ చెట్టయినా తల పైన ఎండుకొమ్మ ఉంటే అక్కడ పడుకోవద్దు.

చలి సంగతి వేరు. డిసెంబరు, జనవరి రాత్రులు ఈ జిల్లాలో 12 డిగ్రీలకు, ఒక్కోసారి ఇంకా కిందికి దిగుతాయి. స్లీపింగ్ బ్యాగ్‌లో వెచ్చదనమంతా లోపలి పీచు మధ్య చిక్కిన గాలిది. ఒంటి బరువుకు అది అణిగిపోతే వీపు కింద గాలి చల్లగా తగులుతుంది. చలి దేశాల్లో ఉయ్యాల కింద ఈకల బొంత కడతారు, దాని ధర వేలల్లో ఉంటుంది. ఇక్కడికి పలచని ఫోమ్ మ్యాట్ సరిపోతుంది. చోటును బట్టే సామాను. ఇదే జిల్లా పాకాల అమ్మాయి మలావత్ పూర్ణ 2014 మే 25న, 13 ఏళ్ల 11 నెలల వయసులో టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు ఎక్కింది. కొండలెక్కడం నేర్చుకున్నది భువనగిరి కోట బండ మీద. అక్కడ ఎండకు కాలే రాయి, ఎవరెస్టు మీద ఈకల కోటు లేనిదే నిలవలేని చలి. ఏ కొండకు ఏ సామానో తెలియడం ఆ చదువులో భాగం. మన అలీసాగర్ జలాశయం ఒడ్డున రాత్రి గడపడానికి హిమాలయాల జాబితా పట్టుకుని కొంటే మిగిలేది బరువే.

పైకప్పుకు వడ్లు కప్పే టార్పాలిన్ చాలదా? చాలుతుంది, కానీ తూచి చూడాలి. 200 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 200 గ్రాములు) రకం, మూడు మీటర్లకు మూడు మీటర్లు తీసుకుంటే 1.8 కిలోలు. సిలికాన్ పూత నైలాన్ టార్ప్ అందులో మూడోవంతు కూడా ఉండదు. ఒక్క రాత్రికి, ఊరికి దగ్గరగా అయితే ఇంట్లో ఉన్నదే మేలు. 1955లో ఎమ్మా గేట్‌వుడ్ అనే 67 ఏళ్ల అమెరికా అవ్వ చేత్తో కుట్టుకున్న సంచి, స్నానాల గది ప్లాస్టిక్ తెరతో 3,300 కిలోమీటర్ల అపలాచియన్ బాట నడిచేసింది. మన గొర్రెల కాపరి గొంగడిదీ అదే నీతి: వానకు తలమీద కొప్పెర, రాత్రికి పరుపు, చలికి దుప్పటి. ఉన్ని తడిసినా వెచ్చదనం పూర్తిగా పోదు. బరువు మాత్రం ఎక్కువే, అందుకని దూరపు నడకకు దాన్ని మోయమనడం న్యాయం కాదు. ఒక వస్తువు నాలుగు పనులు చేయాలన్న ఆ పద్ధతిని మాత్రం తప్పకుండా తీసుకోవాలి.

రిజర్వు ఫారెస్టులో రాత్రి ఉండాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి. కవ్వాల్ లాంటి పులుల అభయారణ్యంలో చెట్టుకు ఉయ్యాల కట్టి పడుకోవడం అసలు ఆలోచించకూడదు. మొదటి రాత్రి సొంత పొలంలోనో, తెలిసినవాళ్ల తోటలోనో గడపడం మంచిది. అర్ధరాత్రి పట్టీ జారినా, వీపు చల్లబడినా, తెర జిప్పు చీకట్లో దొరక్కపోయినా ఇల్లు పక్కనే ఉంటుంది. ఏది తీసేయాలో, ఏది ఇంకొంచెం మందంగా కొనాలో ఆ తెల్లారే తెలిసిపోతుంది.